దిగుమతి సుంకం వాపసు: హక్కు ఉంటే చాలదు, కాగితం కావాలి

ముడి పామాయిల్‌పై దిగుమతి సుంకాల మొత్తాన్ని 2024 సెప్టెంబరులో 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచిన కేంద్ర ప్రభుత్వం, 2025 మే నెలాఖరులో దానిని 16.5 శాతానికి తగ్గించింది. తగ్గింపుకు రెండు రోజుల ముందు సరకు విడిపించుకున్న దిగుమతిదారుకూ, రెండు రోజుల తరువాత విడిపించుకున్న దిగుమతిదారుకూ మధ్య సుంకంలోనే 11 శాతం తేడా వచ్చింది. సుంకం లెక్కకు విలువ టన్నుకు రు. 85,000 అనుకుంటే ఆ తేడా టన్నుకు రు. 9,350. వెయ్యి టన్నుల పార్సెల్‌పై రు. 93.5 లక్షలు.

ఇటువంటి మార్పు వచ్చినప్పుడల్లా కాకినాడలోనైనా, కృష్ణపట్నంలోనైనా, విశాఖపట్నంలోనైనా దిగుమతిదారు మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే. ముందుగా ఎక్కువ కట్టినవారికి తేడా సొమ్ము తిరిగి వస్తుందా? రాదు. ఏ రోజున ఏ రేటు అమలులో ఉన్నదో ఆ రేటున కట్టిన సుంకం సక్రమమైన సుంకమే. తరువాత రేటు తగ్గినంత మాత్రాన అది అదనపు చెల్లింపు కాజాలదు.

1962 నాటి కస్టమ్స్ చట్టం 15వ సెక్షను ప్రకారం, వినియోగానికి నేరుగా విడిపించే సరకుపై బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన నాటి రేటు వర్తిస్తుంది. ఓడ రాకముందే బిల్లు దాఖలు చేసి ఉంటే, ఓడకు ప్రవేశానుమతి లభించిన తేదీనాటి రేటు వర్తిస్తుంది. బాండెడ్ గిడ్డంగిలో ఉంచిన సరకుకు మాత్రం, అక్కడి నుంచి విడిపించుకోవడానికి బిల్లు దాఖలు చేసిన నాటి రేటు లెక్కలోకి వస్తుంది. కనుక రేటు తగ్గిన రోజున లాభపడేది బాండులో సరకు ఉన్నవారే గాని, సుంకం కట్టి సరకు తీసుకుపోయినవారు కారు.

మరి వాపసు ఎవరికి వస్తుంది? కట్టవలసినదానికంటే ఎక్కువ కట్టినవారికి వస్తుంది. మినహాయింపు నోటిఫికేషను వర్తించే సరకుపై పూర్తి సుంకం కట్టడం, సరకును వేరొక టారిఫ్ శీర్షిక కింద చూపడం, తూకంలోనో మారకపు రేటులోనో పొరపాటు దొర్లడం, తాత్కాలిక మదింపు తరువాత తుది మదింపులో సుంకం తగ్గడం, అప్పీలులో దిగుమతిదారు నెగ్గడం ఇందుకు సాధారణమైన సందర్భాలు. ఈ సొమ్మును కోరే హక్కును 27వ సెక్షను ఇస్తున్నది. అయితే ఆ హక్కు చేతికి సొమ్ముగా మారాలంటే మూడు గడపలు దాటవలసి ఉంటుంది.

మొదటి గడప: మదింపు సవరణ

ఎక్కువ కట్టినట్లు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు నేరుగా దరఖాస్తు పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. మదింపు ఉత్తర్వు అమలులో ఉన్నంతకాలం దాని ప్రకారం కట్టిన సుంకాన్ని రీఫండు అధికారి తిరిగి లెక్కించలేడని, ముందుగా ఆ ఉత్తర్వును మార్పించుకోవాలని సుప్రీంకోర్టు 2004లో ప్రియా బ్లూ ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది.

2011లో స్వయం మదింపు పద్ధతి వచ్చింది. దిగుమతిదారే తన బిల్లులో సుంకం లెక్కకట్టి చెల్లిస్తాడు. ఇందులో అధికారి ఇచ్చిన ఉత్తర్వు అంటూ లేదు గదా, మరి దేనిపై అప్పీలు చేయాలి అన్న వాదన బయలుదేరింది. కొన్ని తీర్పులు ఆ వాదనను ఆమోదించాయి కూడా. 2019 సెప్టెంబరు 18న ఐటీసీ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు బెంచి ఈ వివాదానికి ముగింపు పలికింది. స్వయం మదింపు కూడా మదింపు ఉత్తర్వేనని, అది అప్పీలు ద్వారా గాని, చట్టంలోని మరొక మార్గం ద్వారా గాని సవరించబడనిదే రీఫండు దరఖాస్తు నిలవదని తేల్చింది.

మార్గాలు నాలుగు ఉన్నాయి. ఒకటి, 128వ సెక్షను కింద అప్పీళ్ల కమిషనరుకు అప్పీలు. దీనికి గడువు 60 రోజులు. తగిన కారణం చూపితే మరో 30 రోజుల ఆలస్యాన్ని మన్నించవచ్చు. అంతకు మించి మన్నించే అధికారం కమిషనరుకు లేదు. రెండు, 149వ సెక్షను కింద బిల్లు సవరణ. సరకు విడుదల అయిన తరువాత ఈ సవరణ కోరితే, విడుదల నాటికే ఉన్న పత్రాల ఆధారంగా మాత్రమే దానిని అనుమతిస్తారు. మూడు, 154వ సెక్షను కింద లెక్కల తప్పుల, రాతపొరపాట్ల సవరణ.

నాలుగవది 2025 ఆర్థిక చట్టం ద్వారా చేరిన 18ఏ సెక్షను. సరకు విడుదల అయిన తరువాత దిగుమతిదారు తన బిల్లును తానే సవరించుకునేందుకు ఇది వీలు కల్పిస్తున్నది. ఆడిట్, సోదా, సమను వంటి చర్యలు మొదలైన కేసులకు ఈ అవకాశం లేదు. అధికారి తిరిగి మదింపు చేసిన బిల్లులపై రీఫండు కోసం కూడా ఈ మార్గం పనికిరాదు. అటువంటి కేసులలో అప్పీలు మార్గాన్నే చూసుకోవాలి.

149వ సెక్షను విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు దిగుమతిదారులకు ఊరటనిచ్చింది. మదింపును మార్పించుకోవడానికి అప్పీలు ఒక్కటే దారి కాదని, బిల్లు సవరణ కూడా సరైన మార్గమేనని ఆ తీర్పు స్పష్టం చేసింది. అయినా అప్పీలు గడువును చేజేతులా పోగొట్టుకోవడం మంచిది కాదు. రీఫండుకు ఏడాది వ్యవధి ఉన్నదన్న ధీమాతో మూడు నెలలు గడిపినవారికి అప్పీలు తలుపు మూతబడుతుంది. ఏడాది గడువును నమ్ముకుని 60 రోజుల గడువును మరచిపోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

అధికారి దిగుమతిదారు లెక్కను కాదని సుంకం పెంచిన సందర్భంలో మరొక జాగ్రత్త అవసరం. ఆ పెంపును దిగుమతిదారు లిఖితపూర్వకంగా ఒప్పుకోని పక్షంలో, కారణాలు చూపుతూ 15 రోజులలో ఉత్తర్వు ఇవ్వవలసిన బాధ్యత 17వ సెక్షను ప్రకారం అధికారిదే. డెమరేజి భయంతో తొందరపడి అంగీకారపత్రంపై సంతకం చేసినవారు తరువాత అప్పీలుకు వెళ్ళినప్పుడు ఆ సంతకమే వారికి అడ్డు తగులుతుంది.

రెండవ గడప: గడువు

సుంకం చెల్లించిన తేదీ నుంచి ఏడాది లోపల అసిస్టెంట్ లేదా డిప్యూటీ కమిషనరుకు దరఖాస్తు అందాలి. 2011కు ముందు వర్తకులకు ఈ గడువు ఆరు నెలలే. గడువు దాటితే న్యాయమైన కోరిక అయినా తిరస్కరించక తప్పదు. మన్నించే అధికారం రీఫండు అధికారికి చట్టం ఇవ్వలేదు. వంద రూపాయల లోపు మొత్తానికి రీఫండు ఇవ్వరు.

గడువు లెక్కించడంలో కొన్ని మినహాయింపులున్నాయి. తాత్కాలిక మదింపు జరిగిన కేసులలో తుది మదింపు తరువాత సుంకం సర్దుబాటు చేసిన తేదీ నుంచి ఏడాది లెక్కిస్తారు. అప్పీలు అధికారి, ట్రిబ్యునలు లేదా కోర్టు తీర్పు వల్ల రీఫండు వచ్చే కేసులలో ఆ తీర్పు తేదీ నుంచి లెక్కిస్తారు. అభ్యంతరం తెలుపుతూ కట్టిన సుంకానికి ఏడాది గడువు అసలు వర్తించదు. అయితే ఆ అభ్యంతరం చెల్లింపు సమయానికే రాతపూర్వకంగా ఉండాలి. ఆరు నెలల తరువాత రాసిన ఉత్తరం అభ్యంతరం అనిపించుకోదు. అభ్యంతరం తెలిపినంత మాత్రాన మొదటి గడప తొలగిపోదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మూడవ గడప: భారం మోసినదెవరు?

వాపసు కోరేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 1991 వరకు ఎక్కువ వసూలైన సుంకం దిగుమతిదారుకే తిరిగి వెళ్ళేది. ఆ సుంకాన్ని ధరలో కలిపి కొనుగోలుదారు వద్ద రాబట్టుకున్నవారు కూడా అదే సొమ్మును ప్రభుత్వం నుంచి రెండవసారి పొందగలిగారు. 1991 సెప్టెంబరు 20 నుంచి అమలులోకి వచ్చిన సవరణ దీనికి స్వస్తి చెప్పింది. సుంకం భారాన్ని ఇతరులపై వేయలేదని రుజువు చేసినవారికే సొమ్ము చేతికి వస్తుంది. రుజువు చేయలేకపోతే, రీఫండు మంజూరు అయినా ఆ మొత్తం వినియోగదారుల సంక్షేమ నిధికి జమ అవుతుంది.

దీని వెనుక ఉన్న న్యాయం తేలికగానే అర్థమవుతుంది. దిగుమతిదారు నుంచి టోకు వర్తకునికి, అక్కడి నుంచి చిల్లర దుకాణానికి, చివరకు కిలో నూనె కొన్న గృహిణికి సుంకం భారం చేరుతుంది. ఆమె వద్ద బిల్ ఆఫ్ ఎంట్రీ ఉండదు. ఆమె దరఖాస్తు పెట్టలేదు. అటువంటప్పుడు ఆ సొమ్ము మధ్యలో ఉన్నవారికి లాభంగా మిగలకూడదన్నది చట్టం ఉద్దేశం. 1996 డిసెంబరులో మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు బెంచి ఈ సూత్రాన్ని సమర్థించింది. రుజువు చేసే బాధ్యత కోరేవారిదేనని నిర్ధారించింది.

దిగుమతి చేసిన ముడిసరకును అమ్మకుండా తన కర్మాగారంలోనే వాడుకున్నవారికి ఈ నియమం వర్తించదని ఒక వాదన ఉండేది. పురుగుమందు తయారీకి రాగి తుక్కు దిగుమతి చేసిన సోలార్ పెస్టిసైడ్ కేసులో సుప్రీంకోర్టు 2000లో ఆ వాదనను తోసిపుచ్చింది. ముడిసరకుపై సుంకం తయారైన సరకు ధరలో కలిసిపోవచ్చు గనుక, అలా కలవలేదని చూపవలసిందే. ముడి పామాయిల్ తెచ్చి శుద్ధిచేసి అమ్మే రిఫైనరీలకు ఈ తీర్పు నేరుగా సంబంధించినది.

మార్కెట్ ధర తన చేతిలో లేదని, సుంకం కట్టకముందూ కట్టిన తరువాతా ఒకే ధరకు అమ్మానని చెప్పడం మరొక వాదన. ధర మారకపోవడం ఒక్కటే చాలినంత రుజువు కాదని అలైడ్ ఫోటోగ్రాఫిక్స్ కేసులో సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. అది ఎక్సైజు సుంకానికి చెందిన కేసే అయినా సూత్రం ఒకటే. పైగా, రుజువు వచ్చేవరకు భారం కొనుగోలుదారుపై పడినట్లే భావించాలని కస్టమ్స్ చట్టం 28డి సెక్షను చెబుతున్నది.

మరి రుజువు ఎలా? ఇక్కడ ఖాతా పుస్తకాలే సాక్ష్యం. వివాదంలో ఉన్న సుంకాన్ని సరకు కొనుగోలు ఖర్చులో కలిపి లాభనష్టాల ఖాతాలో చూపిన వ్యాపారి, ఆ భారం ధరలో చేరలేదని తరువాత చెప్పడం కష్టం. అదే మొత్తాన్ని కస్టమ్స్ శాఖ నుంచి రావలసిన సొమ్ముగా ఆస్తి అప్పుల పట్టీలో మొదటి ఏడాది నుంచే చూపినవారి మాటకు బలం ఉంటుంది. దానికి తోడు అమ్మకపు బిల్లులు, ధర ఎలా నిర్ణయించినదీ చూపే లెక్క, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రం జతచేయాలి. లెక్కల ఆధారం లేని ధ్రువపత్రం ఒక్కటే సాధారణంగా నిలవదు.

రెండు ఊరటలున్నాయి. వ్యక్తి సొంత వాడకానికి తెచ్చుకున్న సరకుకు ఈ పరీక్ష లేదు. సరకు విడుదలకు ముందే ఎక్కువ కట్టిన సంగతి బిల్లులోనే స్పష్టంగా కనబడుతున్నా, లేక తిరిగి మదింపు చేసిన బిల్లులో అసలు సుంకం నమోదై ఉన్నా కూడా ఈ పరీక్ష అవసరం లేదు. ఇంతేగాక, భారం మోసిన కొనుగోలుదారు దానిని మరొకరిపై వేయకపోతే, రీఫండు తానే కోరవచ్చు.

ట్యాంకులో తగ్గిన నూనె

ఓడలో లూజుగా వచ్చే నూనెలకు సంబంధించి ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. బిల్ ఆఫ్ లేడింగ్‌లో రాసిన పరిమాణానికీ, తీరంలోని ట్యాంకుకు చేరిన పరిమాణానికీ తేడా రావడం ఈ వ్యాపారంలో ఉన్నదే. సుంకం దేనిపై కట్టాలి? ముడి చమురుకు సంబంధించిన మంగళూరు రిఫైనరీ కేసులో సుప్రీంకోర్టు 2015లో తీర్పు ఇస్తూ, తీరంలోని ట్యాంకుకు నిజంగా చేరిన పరిమాణంపైనే సుంకం విధించాలన్నది. లూజుగా వచ్చే ద్రవ సరకులకు దీనిని పాటించాలని కేంద్ర బోర్డు 2016లో సర్క్యులరు జారీచేసింది.

ఉదాహరణకు ఒక దిగుమతిదారు 1,000 టన్నుల ముడి పామాయిల్‌కు తాత్కాలికంగా సుంకం కట్టగా, ట్యాంకు కొలతలో 995 టన్నులు తేలాయనుకుందాం. టన్ను విలువ రు. 85,000 చొప్పున 5 టన్నుల విలువ రు. 4,25,000. దానిపై 16.5 శాతం చొప్పున అదనంగా కట్టినది రు. 70,125. తాత్కాలిక మదింపు కోరి ఉంటే తుది మదింపులో ఈ తేడా తేలుతుంది. అలా కోరకుండా పూర్తి పరిమాణంపై మదింపు ముగించుకుంటే బిల్లు సవరణకో, అప్పీలుకో పోవలసి వస్తుంది. ట్యాంకు కొలత నివేదికపై ఆనాడే కస్టమ్స్ అధికారి, సర్వేయరు సంతకాలు ఉండేలా చూసుకోవడం ఎంతో ముఖ్యం.

ఐజీఎస్టీ సంగతి వేరు. జీఎస్టీ నమోదు ఉన్న వర్తకులు సాధారణంగా దానిని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటారు. క్రెడిట్ తీసుకున్న సొమ్మును మళ్ళీ వాపసుగా కోరడానికి వీలులేదు. కాబట్టి పైన చెప్పిన లెక్క మూల సుంకానికి, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సుకు, సాంఘిక సంక్షేమ సర్‌చార్జికి మాత్రమే పరిమితం.

నోటిఫికేషను ఏ గంటకు అమలు?

రేటు మారిన రోజునే బిల్లు దాఖలు చేసినవారి విషయంలో వివాదాలు కొత్త కాదు. 2001 ఆగస్టు 3న పామోలిన్ టారిఫ్ విలువపై వచ్చిన నోటిఫికేషను శుక్రవారం నాటిది. గెజిటు ప్రతులు అమ్మకానికి వచ్చినది 6వ తేదీ సోమవారం. అప్పటి చట్టం ప్రకారం గెజిటు అమ్మకానికి వచ్చిన తరువాతే నోటిఫికేషను అమలవుతుందని సుప్రీంకోర్టు 2015లో పరమ్ ఇండస్ట్రీస్ కేసులో దిగుమతిదారుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ అమ్మకపు నిబంధనను 2016లో చట్టం నుంచి తొలగించారు.

2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరకులపై సుంకాన్ని 200 శాతానికి పెంచిన నోటిఫికేషను రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు ఎలక్ట్రానిక్ గెజిటులో వెలువడింది. అప్పటికే సరకు చేరి, అదే రోజున ముందుగా బిల్లు దాఖలు చేసినవారికి పాత రేటే వర్తిస్తుందని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. బిల్లు దాఖలైన గంటను, నిమిషాన్ని చూపే కంప్యూటరు నమోదును భద్రపరచవలసిన అవసరం దీనివల్ల స్పష్టమవుతున్నది.

పాడైన సరకు

ఓడలో గాని, దింపుతున్నప్పుడు గాని సరకు పాడైతే 22వ సెక్షను కింద సుంకం తగ్గింపు కోరవచ్చు. విడుదలకు ముందే సరకు నశిస్తే 23వ సెక్షను కింద సుంకం మాఫీ అవుతుంది. విడుదల తరువాత లోపం బయటపడిన సరకుకు 26ఏ సెక్షను కింద వాపసు ఉన్నది గాని, త్వరగా చెడిపోయే సరకులకూ నిల్వ గడువు దాటినవాటికీ అది వర్తించదు. కనుక ఆహార సరకుల వర్తకులు నష్టాన్ని విడుదలకు ముందే గుర్తించి, అధికారి ఎదుట నమోదు చేయించడం అవసరం.

దరఖాస్తు, వడ్డీ

నిర్ణీత ఫారంలో దరఖాస్తుతోపాటు బిల్ ఆఫ్ ఎంట్రీ, చలాను, ఇన్వాయిసు, బిల్ ఆఫ్ లేడింగ్, సవరించిన మదింపు లేదా అప్పీలు ఉత్తర్వు, భారం బదిలీ కాలేదనడానికి ఆధారాలు జతపరచాలి. లోపాలుంటే పది పనిదినాలలో దరఖాస్తును తిప్పి పంపాలన్నది నిబంధన. సక్రమంగా ఉంటే అదే వ్యవధిలో రశీదు ఇవ్వాలి. ఆ రశీదుకు విలువ ఉన్నది. సంపూర్ణమైన దరఖాస్తు అందిన నాటి నుంచి మూడు నెలలలో సొమ్ము రాకపోతే, అటుపైన చెల్లించే నాటివరకు ఏటా 6 శాతం వడ్డీ 27ఏ సెక్షను కింద రావాలి. రు. 10 లక్షలపై ఇది నెలకు రు. 5,000. బ్యాంకు అప్పుతో వ్యాపారం చేసేవారికి ఈ వడ్డీ సాధారణంగా చాలదు. అసంపూర్ణంగా ఉన్న దరఖాస్తుకైతే ఆ వడ్డీ లెక్క కూడా మొదలు కాదు.

మొత్తంమీద, రీఫండు వ్యవహారం సుంకం కట్టిన ఏడాది తరువాత వకీలు వద్ద మొదలయ్యేది కాదు. సందేహం ఉన్నప్పుడు తాత్కాలిక మదింపు కోరడం, వివాదం ఉన్నప్పుడు అభ్యంతరాన్ని రాతలో ఉంచడం, 60 రోజుల తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకోవడం క్లియరింగ్ ఏజెంటుకు వదిలేయకుండా వర్తకుడు స్వయంగా చూసుకోవలసిన పనులు. వివాదంలో ఉన్న సుంకాన్ని అమ్మకపు ధరలో కలపాలా, వద్దా అన్నది కూడా బేరం కుదుర్చుకునే రోజునే తేల్చుకోవాలి. ధరలో కలిపితే నష్టభయం ఉండదు గాని, తరువాత నెగ్గినా సొమ్ము సంక్షేమ నిధికి పోతుంది. కలపకపోతే భారం తనదే అయినా, నెగ్గిన నాడు వాపసు కూడా తనకే వస్తుంది.